పత్తి చేను, బర్రె, బైబిలు: కొత్త కోడలు అడిగినదానికి నా జవాబు

వందనాలు చెల్లె. నువ్వు రాసింది నిన్న రాత్రి చదివి పండుకున్న, పొద్దుగాల పాలు పిండుకుంట మళ్ల అదే యాదికొచ్చింది, అందుకే ఇయ్యాల పని జర పక్కకు పెట్టి కూసోని రాస్తున్న, పొడుగైతది, ఓపికతోని చదువు. హైదరాబాద్‌ల డిగ్రీ చేసి కల్వకుర్తి దిక్కు రైతుల ఇంటికి కోడలుగ వచ్చి ఎనిమిది నెలలు అని, నాలుగో నెల కడుపుతోని ఉన్న అని, పొద్దుగాల నాలుగింటికి లేస్తే రాత్రి పదింటిదాక నడుం వాల్చేది లేదని, బైబిలు తెరవక పది రోజులైందని రాసినవ్. పత్తి ఏరుడు మొదలైనంక మూడు ఆదివారాలు చర్చికి పోలేదని, మీ ఆయన క్రిస్మస్‌కు తప్ప రాడని కూడ రాసినవ్. చివరికి "నేను విశ్వాసంల పడిపోయిన్నా అక్కా" అని అడిగినవ్.

పడిపోలే. పడిపోయినోళ్లకు ఈ బాధే ఉండదు.

నేను పాస్టరమ్మను కాదు, బైబిల్ ట్రైనింగ్ చెయ్యలే, పదో తరగతి చదివిన. మాది దేవరకొండ దిక్కు. 1993ల పెండ్లయింది, అప్పుడు నాకు 19. మూడెకరాలు చెల్క, అండ్ల పత్తి, సాళ్ల నడుమ కంది, ఎకరంన్నర బత్తాయి తోట, బోరు కింద అరెకరం వరి ఇంటి తిండికి, రెండు బర్రెలు. ముగ్గురు పిల్లలు, పెద్దబిడ్డ నర్సు, కొడుకు మాతోనే ఎవుసం చేస్తడు, చిన్నబిడ్డ డిగ్రీ చదువుతున్నది. ముప్పై ఏండ్లకెల్లి ఇదే పని, ఇదే చర్చి. నేను చేసిన తప్పులు కూడ చెప్త, నువ్వు మళ్ల అవే చెయ్యకూడదని.

మొదటి తప్పు నీకు ఇప్పుడున్నదే. పెండ్లైన కొత్తల కన్వెన్షన్ మీటింగులకు పోయినం, మూడు రాత్రులు. బయటికెల్లి వచ్చిన ప్రసంగీకుడు ఒకాయన తెల్లారకముందు గంటసేపు మోకాళ్ల మీద లేనోళ్లు దేవుని పిల్లలే కాదు అన్నట్టు చెప్పిండు, అది నా గుండెల గుచ్చుకున్నది. తెల్లారి నుంచి మూడింటికి లేసుడు మొదలుపెట్టిన, అప్పటికి పెద్దబిడ్డ కడుపుల ఉన్నది, కందిలి ముట్టించుకోని వంటింట్ల మూలకు సాప ఏసుకోని కూసునేదాన్ని. వారం నడిచింది. ఎనిమిదోనాడు బైబిల్ మీదనే తల పెట్టి నిద్రపోయిన, సొంగ కారి పేజీ తడిసింది, ఇప్పటికీ ఆ బైబిల్ల అరవయ్యో కీర్తన కాడ కాగితం ముడుతలు పడి ఉంటది. లేసి చూస్తే నా మీద గొంగడి కప్పి ఉన్నది, కందిలి వత్తి తగ్గించి ఉన్నది, కొట్టంల అత్తమ్మ పాలు పిండుతున్నది. నా వంతు పని అది. నేను పోయి ఆమె పక్కన నిలవడి ఏడ్చిన, పని గాకపాయె, ప్రార్థన గాకపాయె అని. ఆమె చెయ్యి ఆపకుంటనే, "ఆకలైతే ఒక్కసారే గంపెడు తింటవా బిడ్డా, మూడు పూటల ఇంత ఇంత తింటవా" అని అడిగింది.

అత్తమ్మకు అక్షరం రాదు. కాని ఆమెకు కీర్తనలు నోటికి వచ్చు, ఎందుకంటే ఆమె తల్లి మిషనోళ్ల కాలం మనిషి. మన నల్గొండల 1890 ప్రాంతంల అబ్రహాం ఫ్రీజెన్ అనే మెన్నోనైట్ బ్రెదరన్ మిషనరీ పని మొదలుపెట్టిండు, తర్వాత దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, జడ్చర్ల దిక్కు ఎం.బి. సంఘాలు, అంటే ఆ మెన్నోనైట్ బ్రెదరన్ చర్చిలు పుట్టినయి. మిషన్ దొరసానుల పేర్లు, దొరల పేర్లు అందరు చెప్తరు గాని వాళ్లకంటె ఎక్కువ నడిచినోళ్లు బైబిల్ స్త్రీలు, మన తెలుగు ఆడోళ్లే, ఎండల ఊరూరు తిరిగి చేన్లకాడ, బావులకాడ కూసోని చదువురాని ఆడోళ్లకు పాటల రూపంల వాక్యం నేర్పిన్రు. నాటు ఏసుకుంట, కలుపు తీసుకుంట నేర్చుకున్నరు ఆ తరం వాళ్లు. అంటే మన దిక్కు ఆడోళ్ల విశ్వాసం మొదటికెల్లి పనిలనే మొలిచింది. గది తలుపేసుకోని గంటసేపు కూసునే వీలు ఆనాడు ఎవలికి ఉండె?

ఇంక నేను చెప్పేది ఒకటే, ప్రార్థనను గడియారానికి కట్టకు, పనికి కట్టు. గంట దొరుకుతదని చూస్తే ఏడాదైనా దొరకదు, పని మాత్రం రోజూ వస్తది, అది వచ్చినప్పుడల్లా ప్రార్థన గుర్తొస్తది.

ఇది నాకు అత్తమ్మ ఎట్ల నేర్పిందో చెప్త. మా ఇంట్ల బియ్యం గుమ్మి పక్కన ఒక సిల్వర్ డబ్బా ఉంటది, మూత కాడ సొట్ట పడి ఉంటది. వంటకు బియ్యం కొలిచినంక, కడగక ముందుగాల, అండ్లకెల్లి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాల ఎయ్యాలె. పిడికెడు బియ్యం అన్ని సంఘాలల్ల ఉన్నదే, ఆదివారం పోయి కానుకల గంపల పోస్తం. కాని అత్తమ్మ దానికి ఒకటి కలిపింది, పిడికెడు తీస్తే ఒక పేరు తియ్యాలె. ఆ పూటకు ఒక్కరి పేరు, వాళ్ల కోసం ఒక్క మాట, పిడికిలి విప్పేలోపు. పొద్దుగాల ఒకరు, రాత్రికి ఒకరు, వారానికి పద్నాలుగు మంది. పక్కింటి ముసలామె, దుబాయి పోయిన మరిది, అప్పు ఇచ్చి సతాయించే షావుకారి కూడ. నేను అత్తమ్మ మీద కోపంగ ఉన్న రోజులల్ల ఆమె పేరే తీసేదాన్ని, అప్పుడు పిడికిలి విప్పబుద్ధి కాకపోయేది, విప్పినంక జర నెమ్మదైతుండె. ఇప్పటికి ముప్పై రెండేండ్లాయె, డబ్బా అదే.

ఆ తర్వాత నేను నా సొంతంగ ఇంకో రెండు కట్టుకున్న. ఒకటి బోరు మోటరు స్టార్టర్ డబ్బా కాడ. మా బోరు లోతు, పచ్చ బటన్ ఒత్తినంక నీళ్లు పైపుల నుంచి పైకి రానీకి నిమిషం మీద పడ్తది, ముందుగాల గాలి వస్తది, తర్వాత ఎర్రటి నీళ్లు ఉమ్మినట్టు వస్తయి, ఆ తర్వాత ధార. ఆ నిమిషం నాది. నీళ్లు వస్తయో రావో తెల్వని నిమిషం అది, ఎండాకాలం అయితే గుండె చేతుల పట్టుకోని చూస్తం, అప్పుడు చేసే ప్రార్థనకు మాటలు వెతకాల్సిన పని ఉండదు. రెండోది ఇంటికెల్లి చేనుకు నడిచే తొవ్వ, కిలోమీటర్ ఉంటది, సద్ది గంప నెత్తిమీద పెట్టుకోని పొయ్యేటప్పుడు పిల్లల గురించి, వచ్చేటప్పుడు ఆ రోజుకు వందనాలు. ఎవుసానికి 24 గంటల కరెంటు రాకముందు వంతులేసి ఇచ్చేటోళ్లు, రాత్రి రెండింటికి కరెంటొస్తే మా ఆయన టార్చి పట్టుకోని చేనుకు పోయేటోడు, మోటరు షాకులకు, పాములకు ఎంతమంది పోయిన్రో మన జిల్లాలల్ల అందరికీ తెలుసు. ఆయన తిరిగొచ్చి తలుపు గొళ్లెం తీసే చప్పుడు దాక నేను మేలుకోనే ఉండేదాన్ని. అది నా జాగారం, దానికి ఎవరూ ప్రార్థన అని పేరు పెట్టకపోయినా.

బైబిలు చదువుడు పూర్తిగ ఇడువు అంటలేను. ఒక్క పేరా చదువు, పది వచనాలు కూడ వద్దు. మా వంటింటి గోడకు సంచి తగిలించి అండ్ల సువార్త పుస్తకం పెట్టిన, అన్నం ఉడికేలోపు ఒక కథ అయితది. ఆదివారం మధ్యాహ్నం తీరుబడిగ చదువుకో.

ఆదివారం అంటే, దీని మీద నేను జర గట్టిగ చెప్త. లూకా 14వ అధ్యాయంల యేసు ప్రభువు విశ్రాంతి దినాన బావిల పడ్డ ఎద్దును తియ్యరా అని అడుగుతడు కద. ఎవుసం చేసేటోళ్లకు ఇంత స్పష్టంగ చెప్పిన మాట ఇంకోటి లేదు. కల్లంల వడ్లు ఆరబోసినం, ఆదివారం పదింటికి దేవరకొండ దిక్కు మబ్బు నల్లగ లేసింది, నేను చర్చిల కూసోని పాట పాడుతున్ననంటే అది భక్తి కాదు, పోయి పట్టాలు కప్పాలె, మా పాస్టర్ అయ్యగారే ఒకసారి ఆరాధన మధ్యల ఆపి మగోళ్లను పంపిండు. సర్కారు వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల కుప్ప పోసి కాంటా కోసం ఎదురుచూసిన వాళ్లకు ఆ భయం తెలుస్తది. కాని మామూలు పత్తి ఏరుడు బావిల పడ్డ ఎద్దు కాదు చెల్లె. పగిలిన కాయ ఒక్క రోజుకు ఏమీ కాదు, వాన సూచన లేకపోతే. కూలోళ్లు ఆదివారమే దొరుకుతరు అని మీ అత్తమ్మ అంటుండొచ్చు. అంగడి రోజు కూలోళ్లు రారు, మరి ఊరంత సర్దుకుంటలేదా? ఆదివారం కూడ అట్లనే అనుకోవాలె. గురువారమే కూలోళ్ల ముఠాను తోలుకొచ్చే ఆమెతోని మాట్లాడుకో, శనివారం పొద్దుమూకేదాక ఏరి, సోమవారం మళ్ల రమ్మను, ఆ ముఠాల సగంమంది చర్చికి పోయేటోళ్లే ఉంటరు, వాళ్లు లోపట సంతోషపడ్తరు. అట్ల గాకపోతే ఆరాధన అయినంక మధ్యాహ్నం రెండింటికెల్లి ఏరుండ్రి, పొద్దుగాల ఎట్లనో మంచు మీద పత్తి ఏరొద్దు, తేమ ఎక్కుతది. మద్దతు ధరకు పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ వాళ్లు 8 శాతం తేమకు పూర్తి రేటు ఇస్తరు, 12 దాటితే కొనరు. ఈ లెక్క మీ మామకు చెప్పు, వాక్యం చెప్తే వినకపోయినా తేమ లెక్క వింటడు.

కడుపుతోని ఉన్నవ్ కాబట్టి ఒక్క ఆదివారం పోకపోయినా దేవుడు రిజిస్టర్ల రాయడు. మూడు వారాలు పోలేదు అంటే మీ పాస్టరమ్మకు ఫోన్ చేసి చెప్పు, గృహ కూడిక మీ ఇంట్ల పెట్టుకుంటం అను. మీ అత్తమ్మ ఛాయ్ పెడ్తది, నలుగురు ఆడోళ్లు వస్తరు, ఆమెకు కూడ మంచిగ అనిపిస్తది.

ఇంక మీ ఆయన సంగతి. నేను పదకొండేండ్లు మా ఆయనను సతాయించిన. ఆదివారం పొద్దుగాల తెల్లంగి ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టేదాన్ని, ఆయన దాన్ని చూసి లుంగీ మీదనే చేనుకు పోయేటోడు, నేను మూతి ముడుచుకోని పోయేదాన్ని, తిరిగొచ్చి ప్రసంగంల ఆయనకు తగిలే మాట ఏదో ఒకటి వినిపించేదాన్ని. అది చాన పెద్ద తప్పు. నేను దేవుని మాటను కట్టె తీరు వాడుకున్న.

మారింది ఎట్లనంటే కోత పండుగకు. మా సంఘంల సంక్రాంతి దాటినంక ఒక ఆదివారం పెడ్తరు, ప్రతి ఇంటోళ్లు ఫలం తెస్తరు, వడ్లు, కందులు, పత్తి, కోళ్లు, గుమ్మడికాయలు, బత్తాయిలు, బల్ల ముందర కుప్పలు పోస్తరు, ఆరాధన అయినంక వేలం పాడ్తరు. ప్రతి ఏడు నేనే రెండు కిలోల కందులు సంచిల ఏసుకోని పోయేదాన్ని. 2004ల మాకు గుమ్మడి బాగ కాసింది, గట్టు మీద పెట్టిన విత్తనం, ఒక కాయ ఎంత పెద్దగైందంటే నాకు లేవలే. మా ఆయన ఆ కాయను రోజూ చూసుకుంటుండె, కింద గడ్డి పెట్టిండు మురిగిపోకుండ. ఆ ఆదివారం నేను ఒక్క మాట అన్న, ఇది నాతోని కాదు, నువ్వే మోసుకోని రా అని. చర్చికి రా అనలే. ఆయన భుజం మీద పెట్టుకోని వచ్చిండు, లోపట బల్లకాడ పెట్టిండు, పెట్టి బయటికి పోకుండ గోడకానుకోని నిలవడ్డడు, ఎందుకంటే కాయకు ఎంత పాట పోతదో చూడాలె. వేలంల ముసలాయన ఒకాయన వందకు మొదలుపెట్టిండు, ఇద్దరు పోటీ పడ్డరు, నాలుగు వందలకు పోయింది. ఆ రోజులల్ల పెద్ద పైసలే. అందరు చప్పట్లు కొట్టిన్రు, పాస్టర్ అయ్యగారు ఆయనను ముందరికి పిలిచి, "ఏం ఎరువు ఏసినవయ్యా" అని అడిగిండు. ప్రసంగంల ఎవరూ అడగని ప్రశ్న అది. ఆయన పది నిమిషాలు చెప్పిండు. తర్వాత ఏడు తనే విత్తనం పెట్టిన కాడనుంచి "ఇది పండుగకు" అనుకుంట తిరిగిండు, ఆ తర్వాత మెల్లగ ఆదివారాలు వచ్చుడు మొదలైంది. బాప్తిస్మం తీసుకునేవరకు ఇంకో ఆరేండ్లు పట్టింది, నేను అడగలే.

అందుకే మీ ఆయనను రమ్మనకు. మోసేది ఏమన్న ఉంటే ఇయ్యి. చర్చి బోరు మోటరు చెడిపోయిందా, క్రిస్మస్ స్టార్ కట్టాలెనా, పందిరి గుంజలు పాతాలెనా, రైతుకు చేతుల పని ఉంటే నిలవడుడు వస్తది.

అత్తమ్మతోని పొసుగుతలేదు అన్నట్టు రెండు లైన్లు రాసి మళ్ల తీసేసినట్టున్నవ్, నాకర్థమైంది. నీకు వంకాయ కూర మీ అత్త తీరు రాదు, పాలు పిండ రాదు, ఆమెకు ఫోన్ల ఫారం నింప రాదు. నీ చదువును ఇంటికి పెట్టు. సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌ల రిజిస్టర్ చేసి స్లాట్ తీసుకోవాలె, 2025-26కు పొడుగు పింజ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 8,110, బయట వ్యాపారి ఎంతకు అడుగుతున్నడో చూసుకోని ఇద్దరికి తేడా కాగితం మీద రాసి మామకు చూపియ్యి. ఎరువుల బిల్లు, కూలి లెక్క, పాల సెంటర్ లెక్క ఒక నోటుబుక్కుల రాయి. నెల రోజులల్ల నిన్ను అడగకుంట ఏ పని చెయ్యరు. మా కోడలు అట్లనే చేసింది, ఇప్పుడు మా ఇంటి పెద్ద ఆమెనే అనుకో.

అండ్లనే ఇంకోటి. స్త్రీల కూడికల సామెతలు 31 చదువుతరు, గుణవతి అయిన భార్య, చీకటితోనే లేస్తది, ఇంటోళ్లకు వండుతది అని ఆ ముక్కనే వంద సార్లు చెప్తరు. ఆ అధ్యాయంల ఆమె పొలం చూసి కొంటది కూడ, ద్రాక్షతోట నాటిస్తది. దాని మీద ప్రసంగం నేనైతే వినలే. పొద్దున నాలుగింటికి లేసే మన పేరు పాసుబుక్కుల ఉన్నదా? రైతు బీమా, అంటే రైతు చనిపోతే ఇంటోళ్లకు వచ్చే 5 లక్షలు, ఎవలి పేరు మీద పట్టా ఉంటే వాళ్లకే వర్తిస్తది, 18 నుంచి 59 ఏండ్ల లోపు. రైతు భరోసా ఎకరానికి సీజన్‌కు 6,000 కూడ పట్టాదారు ఖాతాలనే పడ్తది. మా బత్తాయి తోట 2011ల కొన్నప్పుడు నా పేరు మీద రాయించమని అడిగిన, ఇంట్ల రెండు రోజులు మాటల్లేవు, నేను అరవలే, బైబిల్ తీసి ఆ వచనం చూపించి, కింద నా వేలుతోని గీత గీసి పెట్టిన. రాయించిన్రు. నువ్వు ఇప్పుడే అడగకు, ఎనిమిది నెలలకు అడిగితే ఇల్లు లేస్తది, మనసుల పెట్టుకో.

కూలోళ్ల విషయం చెప్పకుంట ఉండలేను. నువ్వు రైతు భార్యవి, నీ భక్తిని ఊరు చర్చిల చూడదు, చేన్ల చూస్తది. కూలి పొద్దుగుంకకముందు ఇయ్యాలెనని బైబిల్ల ధర్మశాస్త్రంల ఉన్నది, మా ఇంట్ల అది చట్టం, బ్యాంకుల లేకపోతే పొదుపు గ్రూపుల తెచ్చి అయినా అదే సాయంత్రం ఇస్తం. పత్తి తూకం వేసేటప్పుడు కాంటా కాడ నువ్వు నిలవడు, సంచి బరువని కిలో కోసేటోళ్లు ఉంటరు, కొయ్యనియ్యకు. ఆఖరి ఏరుడు అయినంక చేను పశువులకు ఇడిసే ముందు రెండు రోజులు ఆపు, పరిగె, అంటే ఏరినంక చేన్ల మిగిలింది, ఏరుకునే ముసలోళ్లు, ఒంటరి ఆడోళ్లు వస్తరు. బైబిల్ల పరిగె ఏరుకున్న రూతు కథ మనకు ఎవలో చెప్పాల్సిన పని లేదు, పరిగె అనే మాట మనదే. నేను చిన్నగున్నప్పుడు మా అమ్మ పల్లికాయ చేన్లల్ల పరిగె ఏరింది, నన్ను తోలుకపోయేది, ఎవలి చేన్ల తిట్టిన్రో ఎవలి చేన్ల మంచినీళ్లు ఇచ్చిన్రో నాకు ఇప్పటికీ పేర్లతో సహా యాదికున్నది.

ఇప్పుడు నీ కడుపుల బిడ్డ గురించి. పురుగుల మందు కొట్టే దిక్కు పోకు, మందు కలపకు, మందు కొట్టిన బట్టలు నువ్వు ఉతకకు, మీ ఆయననే వేరే బకెట్ల సబ్బుతోని ఉతుక్కోమను. ఇది ఎందుకంటున్ననంటే 2009ల మా ఆయన పత్తికి మందు కొట్టి ఇంటికొచ్చి అరుగు మీద కూలవడ్డడు. చెమట కారిపోతుంది, నోట్లకెల్లి సొంగ, కంటి పాప గుండుపిన్ను మొన అంత చిన్నగైంది. కూడికల ఆడోళ్లు ఉరికొచ్చిన్రు, ఒకామె కదిలియ్యకుండ్రి, ముందుగాల చేతులుంచి ప్రార్థన చేద్దం అన్నది. ఆమె మంచి మనిషే, ప్రేమతోనే అన్నది. నేను అంగి చింపి తీసి, సబ్బునీళ్లు కుమ్మరించి, ఆటోల ఏయించి, ఖాళీ మందు డబ్బా కొంగుల కట్టుకోని, ప్రార్థన ఆటోల చేసిన. మొదలు పోయిన ప్రైవేటు ఆస్పత్రోళ్లు డిపాజిట్ కట్టందే చూడం అన్నరు, ఇంకో దగ్గరికి ఉరికినం, అక్కడ డాక్టర్ ఆ డబ్బా మీద పేరు చదివి వెంటనే సూదులు మొదలుపెట్టిండు, డబ్బా తెచ్చుడు మంచిదైంది అన్నడు. పాము కరిచినా అంతే, మంత్రం వద్దు, నూనె వద్దు, 108 బండి, సర్కారు దవాఖాన, విరుగుడు సూది అక్కడ ఉంటది. లూకా వైద్యుడే కద, సువార్త రాసినాయన. దేవుడు వైద్యుని చేతులతోని పని చేస్తే చిన్నతనమేముంది.

నీళ్లు కూడ చూసుకో. మన దిక్కు ఫ్లోరైడ్, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పండ్లకు, ఎముకలకు దెబ్బ, మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు ఊర్లల్ల వంగిపోయిన నడుములు నేను కండ్లతోని చూసిన, మా మామ పండ్లు పసుపుపచ్చగ ఉండేటియి. సర్కారు నల్లాల వచ్చే మిషన్ భగీరథ నీళ్లే తాగు, చేనుకు పొయ్యేటప్పుడు ఇంటికెల్లి సీసాల తీస్కపో, దూపైందని చేన్ల బోరు నీళ్లు తాగకు, రేపు పిల్లలను కూడ తాగనియ్యకు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. ఐరన్ గోలీలు మింగు, నెలనెలా పీహెచ్‌సీకి పో, కడుపుతోని ఉన్నోళ్లను దవాఖానకు తీస్కపొయ్యే 102 బండి నంబరు గోడమీద రాసుకో.

పిల్లల పెంపకం అడిగినవ్, ఇంక పుట్టనే లేదు కాబట్టి రెండు మాటలే. రాత్రి అన్నం తినే ముందు అందరు కూసోని ఒక పాట, ఒక చిన్న ప్రార్థన, ఐదు నిమిషాలు, అంతకంటె పొడుగు చెయ్యకు, పిల్లలు ఆకలితోని ఉంటరు. వేసవి సెలవులల్ల చర్చిల పిల్లలకు పెట్టే బైబిల్ బడికి, వీబీఎస్‌కు పంపు. బతుకమ్మ వస్తది, ఊరంత ఆడ్తరు, నా బిడ్డలు తంగేడు, గునుగు పూలు తెంపనీకి జతగాళ్లతోని పోయేటోళ్లు, నేను ఆపలే, పక్కింటోళ్లు సద్దులు తెచ్చిస్తే ప్రేమతోని ఇచ్చిన్రని తీసుకునేదాన్ని, మేము క్రిస్మస్‌కు గారెలు, పాయసం వాళ్లకు పంపుతం. పూజల మాత్రం కూసోము, అది వాళ్లకూ తెలుసు, ఎవరూ బలవంతం చెయ్యరు. మీ సంఘంల దీన్ని ఒప్పుకోకపోవచ్చు, మీ అయ్యగారితోని మాట్లాడుకో, నేనైతే ఊరితోని తలుపులు మూసుకోని ఉండుడు సాక్ష్యం కాదనుకుంట.

ఇంకోటి, కులం సర్టిఫికెట్. ఎస్సీలకెల్లి క్రైస్తవులైనోళ్లకు మన దగ్గర బీసీ-సీ, 1 శాతం రిజర్వేషన్, 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ రాదు. కాగితం మీద ఒకటి, ఇంట్ల ఒకటి పెట్టుకున్న కుటుంబాలు చానా ఉన్నయి, నేను ఎవలినీ తీర్పు తీర్చను, వాళ్ల కష్టం వాళ్లది. మేము ఉన్నది ఉన్నట్టు రాయించినం, పెద్దబిడ్డకు దానివల్ల ఒక సీటు పోయింది, ఆ రాత్రి అది ఏడుస్తుంటే నా దగ్గర జవాబు లేకుండె, పక్కన పండుకున్న అంతే. బడిల ఎయ్యకముందే నువ్వు, మీ ఆయన కూసోని తేల్చుకోండ్రి, బిడ్డ పెద్దగైనంక అడుగుతది, అప్పుడు ఇద్దరిది ఒకటే మాట ఉండాలె.

చివరికి ఒకటి మర్చిపోయిన, పత్తి ఏరుకుంట ఫోన్ల ఆడియో బైబిల్ ఇనొచ్చా అని అడిగినవ్. ఇను, నేనూ ఇంట, పోయిన ఏడు పత్తి ఏరుడు అయ్యేవరకు నిర్గమకాండం మొత్తం అయిపోయింది. కాని ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టుకో చెల్లె, రెండో చెవి చేనుకు ఇడువు, సాలు నడుమ పాము బుస కొడితే ఇనపడాలె.